జవాబు కోసం ఆగిన మేడమ్

మా సైకాలజీ మేడమ్ చనిపోయిన సంగతి నాకు బి.ఎడ్. బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. వేంపల్లె దగ్గర నేను పనిచేసే బడిలో అప్పుడు మధ్యాహ్న భోజనం వడ్డిస్తున్నారు. గ్రూపులో వరుసగా దండం బొమ్మలు వచ్చాయి. వాటి కిందనే ఒకమ్మాయి డీఎస్సీ పాత ప్రశ్నపత్రం పంపి, అభ్యసన సిద్ధాంతాల బిట్లకు జవాబులు ఎవరికైనా తెలుసా అని అడిగింది. నలుగురు వెంటనే చెప్పారు. అన్నీ సరైన జవాబులే. అన్నీ మేడమ్ చెప్పిన పాఠంలోవే.

ఆ సిద్ధాంతాలను మేము జంతువులతో గుర్తు పెట్టుకునేవాళ్ళం. గంట మోగితే చొంగ కార్చే కుక్క, బోను తలుపుతో తంటాలు పడే పిల్లి, మీట నొక్కితే తిండి దొరుకుతుందని తెలుసుకున్న ఎలుక. ప్రశ్నలో పిల్లి కనిపిస్తే యత్నదోష సిద్ధాంతం అని టిక్కు పెట్టేయమని కోచింగ్ సెంటర్లో నేర్పారు. మేడమ్ ఒకరోజు క్లాసులో నా నోట్సు తీసుకుని మొదటి నుంచి చివరిదాకా తిరగేశారు.

"కుక్క ఉండాది, పిల్లి ఉండాది, ఎలుక ఉండాది. పిల్లోల్లు యాడమ్మా?"

క్లాసంతా నవ్వింది. నేను తల ఎత్తలేదు. క్లాసు అయ్యాక గుమ్మం దగ్గర నన్ను ఆపి, వాళ్ళు నవ్వినందుకు బాధపడొద్దని, తాను మాత్రం నిజంగానే అడిగానని చెప్పారు.

నేను కాన్వెంటులో చదివాను. అడిగిన వెంటనే జవాబు చెప్పకపోతే అక్కడ నిలబెట్టేవాళ్ళు. నాకు మాట రావడానికి కొంత సేపు పట్టేది. ఈలోగా పక్కమ్మాయి చెప్పేసేది. కొన్నేళ్ళకు ఆలోచించడం మానేసి, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు బట్టీ పట్టడం నేర్చుకున్నాను. అప్పటి నుంచి నన్ను తెలివైన పిల్ల అన్నారు.

మేడమ్ ప్రశ్న అడిగి, కళ్ళజోడు తీసి, చీర కొంగుతో తుడుస్తూ కూర్చునేవారు. ఎంతకీ తుడవడం అయ్యేది కాదు. అద్దాలు అంత మురికి పడతాయా అని మేము చాటున నవ్వుకునేవాళ్ళం. ఎవరైనా మధ్యలో జవాబు అందించబోతే, తల ఎత్తకుండానే "ఆగు. ఆ పిల్ల ఇంకా జవాబు కాడికి నడస్తాండాది" అనేవారు. మనం రెప్ప వేయకుండా చూస్తూ ఉంటే ఎవరికీ మాట పెగలదని, అందుకే అద్దాలు తుడవడమని చాలా రోజుల తర్వాత తెలిసింది. ఆ క్లాసులో నేను మొదటిసారి సొంతంగా ఒక జవాబు చెప్పాను. అది తప్పు. మేడమ్ దాన్ని బోర్డు మీద రాసి, అరగంట దాని గురించే మాట్లాడారు.

బి.ఎడ్. చివర్లో ఫైనల్ లెసన్ ఉంటుంది, ఏదైనా బడిలో పాఠం చెబితే వెనక కూర్చుని చూసి మార్కులు వేస్తారు. నాకు ఎర్రగుంట్లలో ఒక బడి పడింది. ఆరో తరగతి, సైన్సు, నీరు ఆవిరి కావడం. ముందురోజే వెళ్ళి పిల్లలను తయారు చేసుకోవడం మా దగ్గర ఆనవాయితీ. సీనియర్లు ఒక చిట్కా కూడా చెప్పేవారు. తెలిసినవాళ్ళు కుడి చెయ్యి ఎత్తాలి, తెలియనివాళ్ళు ఎడమ చెయ్యి ఎత్తాలి. వెనక కూర్చుని చూసేవాళ్ళకు క్లాసంతా చేతులు లేచినట్టు కనిపిస్తుంది. మనం మాత్రం కుడి చెయ్యి చూసి పిలవాలి. నేను పిల్లలకు బిస్కెట్లు పంచి, అలాగే చెప్పి వచ్చాను.

మరుసటి రోజు వెనక బెంచీలో మేడమ్ కూర్చున్నారు. ఆరేసిన బట్టల్లో తడి ఎక్కడికి పోతుందని అడిగాను. అన్ని చేతులూ లేచాయి. కంగారులో నేను ఎడమ చెయ్యి ఎత్తిన పిల్లను పిలిచాను. ఆ పిల్ల లేచి నా వంక చూసింది. మాట తప్పిన మనిషిని చూసినట్టు చూసింది. నేను ఆగలేకపోయాను. "గాలిలో కలిసిపోతుంది, కదా?" అన్నాను. ఆ పిల్ల తల ఊపి కూర్చుంది.

మేడమ్ మార్కులు బాగానే వేశారు. వరండాలోకి వచ్చాక, ఆ క్లాసులో ఎడమచేతి వాటం పిల్లలు అంతమంది ఉన్నారా అని అడిగారు. నేను జరిగింది చెప్పేశాను. ఆమె కోప్పడలేదు.

"ఆ పిల్ల ఈ పొద్దు ఏం నేర్చుకునింది?"

ఆమె కళ్ళజోడు తీశారు. చాలా సేపు తుడిచారు. నాకు జవాబు తెలుసు, చెప్పలేకపోయాను. చివరికి ఆమే చెప్పారు.

"తల ఊపితే కూచోబెడతారని నేర్చుకునింది. పిల్లోల్లు ఎప్పుడూ ఏదో ఒకటి నేర్చుకుంటానే ఉంటారు మే. మనం చెప్పిందే నేర్చుకుంటారని యాడా లేదు."

రేపు వెళ్ళి ఆ పిల్లతో మాట్లాడమన్నారు. తెలియదని చెప్పినా ఏమీ కాదని ఆ పిల్లకు తెలియాలన్నారు. సరేనన్నాను. వెళ్ళలేదు. రికార్డులు, పరీక్షలు, తర్వాత డీఎస్సీ అని చెప్పుకోవచ్చు గానీ, సిగ్గుపడి వెళ్ళలేదు. ఆ పిల్ల పేరు కూడా నాకు తెలియదు.

ఉద్యోగం వచ్చాక నా క్లాసులో ఆగడం అలవాటు చేసుకున్నాను. అది మేడమ్ పెట్టిన భిక్ష. నాకు బాగా వచ్చిందనే అనుకున్నాను.

పోయిన ఏడాది మేడమ్‌కు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. కడపలో చెల్లెలి ఇంట్లో, మేడ మీద గదిలో ఉన్నారని తెలిసి వెళ్ళాను. గోడకు నర్సరీ పిల్లల బొమ్మల చార్టు తగిలించి ఉంది. చెల్లెలు చేతిలో టీ కప్పు పట్టుకుని గొడుగు బొమ్మ మీద వేలు పెట్టారు.

"చెప్పక్కా. గొ... గొడుగు. చెప్తేనే టీ."

నా వైపు తిరిగి, డాక్టరు రోజూ చేయించమన్నాడని, ఇలా అయితే తప్ప అక్క నోరు తెరవడం లేదని నొచ్చుకుంటూ చెప్పారు. ఆమెను తప్పు పట్టలేను. స్నానం చేయించేది, అన్నం పెట్టేది ఆమే. ఎలుకకూ మీటకూ ఉన్న సంబంధం గురించి ఏళ్ళ తరబడి పాఠం చెప్పిన మనిషి, టీ కప్పు వైపు చూస్తూ "గొడుగు" అన్నారు.

చెల్లెలు కిందికి వెళ్ళాక ఎర్రగుంట్ల సంగతి చెప్పాను. "నేను పోలేదు మేడమ్" అన్నాను. మేడమ్ నా వంక చూశారు. పెదవులు కదిలాయి. "ఆ..." అన్నారు. ఆగిపోయారు. మెడ నరాలు బిగుసుకున్నాయి. మళ్ళీ "ఆ..." అన్నారు.

నేను చూడలేకపోయాను. "ఆ పిల్ల గురించేనా మేడమ్?" అన్నాను. కాదన్నట్టు కళ్ళు మూసి తెరిచారు. మళ్ళీ మొదలుపెట్టారు. "ఆ పిల్ల ఈపాటికి పెద్దదై ఉంటుంది, అంతేనా?" అన్నాను.

మేడమ్ నన్ను కాసేపు అలాగే చూసి, తల ఊపారు.

ఆ ఊపడం నాకు తెలుసు. ఇంకా ఏదో మాట్లాడి, దండం పెట్టి, మెట్లు దిగి వీధిలోకి వచ్చాను. వంటింట్లో చెల్లెలు మిక్సీ వేస్తున్నారు. మిక్సీ ఆగినప్పుడు మేడ మీది కిటికీలోంచి మేడమ్ గొంతు వినిపించింది. "ఆ..." కొంత సేపు ఏమీ లేదు. మళ్ళీ "ఆ..." గదిలో ఎవరూ లేరు.

మళ్ళీ మెట్లు ఎక్కి, పక్కన కూర్చుని, ఎంతసేపైనా ఆగి ఉండగలిగేదాన్ని. ఎక్కలేదు. ఇప్పుడు మేడమ్ లేరు, ఆమె చెప్పబోయిన మాట ఏమిటో ఇక తెలియదు. ఆ రోజు వీధిలో ఆటో వచ్చి ఆగింది. ఎక్కడికని డ్రైవరు అడిగాడు. బస్టాండుకని వెంటనే చెప్పాను. ఆటో కదిలేదాకా పైన ఆ గొంతు మొదలవుతూ, ఆగుతూ, మళ్ళీ మొదలవుతూనే ఉంది.