నేను కడిగిన సీసా

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను కువైట్‌లో, రిగ్గైలో ఉండే ఒక ఫ్రెంచి దంపతుల ఇంట్లో వంటవాణ్ణి. మాది కోనసీమ. ఆ ఇంట్లో పనిమనిషి, నేను అక్కా అని పిలిచే ఆమెది కడప వైపు. ఆమెకు ఇంగ్లీషు రాదు. మేడమ్ చెప్పినవి ఆమెకూ, ఆమె చెప్పినవి మేడమ్‌కూ నేనే అందించేవాణ్ణి.

మేడమ్ పుట్టింటివాళ్లకు ఫ్రాన్సులో మూడువందల ఏళ్లనాటి ద్రాక్షతోట ఉంది. ఎర్ర వైనుకు పేరుపడ్డ తోటట. పళ్లు కోయించే ముందు వాళ్ల నాన్న గింజ కొరికి చూసి, ఇంకో వారం ఆగుదాం అనేవాడట. రాతి నేలమాళిగలో, పీపాల్లో రెండేళ్లు ఊరితే గాని ఆ వైను సీసాకెక్కదట. ఆయన చేతిమీదుగా తీసిన చివరి పంట సీసా ఒకటి, ఖాళీది, ఆవిడ బల్లమీద పెట్టుకుంది. దాని లేబుల్ మీద తోట మధ్య పాత మేడ బొమ్మ, కింద ఆయన సంతకం.

కువైట్‌లో మద్యం నిషేధం. ఒకరోజు గోడలో నీళ్లు కారుతున్నాయని భవనం యజమాని మనుషులు చూడడానికి వస్తామన్నారు. మేడమ్ ఇంట్లో లేదు. వాళ్ల కంట ఆ సీసా పడితే అక్కడ ఉండనిచ్చే నా అనుమతి కార్డు, ఇఖామా, పోతుందని, ఇంటికి పంపేస్తారని భయపడ్డాను. బీరువాలో దాచినా సరిపోయేది. అది తోచక, వేడినీళ్లలో నానబెట్టి పీచుతో లేబుల్ అంతా గీకేశాను.

సాయంత్రం మేడమ్ సీసా పట్టుకుని వంటగదిలోకి వచ్చి, కడిగిందెవరని అడిగింది. అక్క అని చెప్పాను. ఆవిడ అక్కవైపు తిరిగి, నువ్వేనా అంది. అక్క నావైపు చూసింది.

"సీసా శుభ్రంగా ఉందా అని అడుగుతున్నారక్కా," అన్నాను.

అక్క నవ్వుతూ తలూపింది.

మేడమ్ కేకలు వేయలేదు. లోపలికెళ్లి తలుపేసుకుంది. నెల తిరక్కుండా అక్కను ముబారక్ అల్ కబీర్‌లో ఒక కువైటీ ఇంటికి మార్పించింది.

పెట్టె సర్దుకుంటూ అక్క నాతో అంది: "ఆ పొద్దు నీ గోళ్లల్లో కాయితం ముక్కలుండె తమ్ముడూ. కడిగింది నువ్వేనని నాకు తెలుసు."

మరి మేడమ్‌తో ఎందుకు చెప్పలేదని అడిగాను. అడిగాక గాని అదెంత సిగ్గుమాలిన ప్రశ్నో నాకు తెలియలేదు.

"నా మాట ఆయమ్మకు సెప్పాల్సింది నువ్వే గదా," అంది.

అక్క వెళ్లిన మర్నాడు మేడమ్‌కు నిజం చెప్పాను. ఆవిడ అక్కను వెనక్కి పిలిపించాలంది. అక్క వీసాకు పూచీపడే కఫీల్ మారిపోయాడు, ఇక కుదరదన్నారు. క్షమించమని అడుగుదామని ఆ ఇంటికి ఫోన్ చేశాను. యజమానురాలు, అక్కడి పనివాళ్లందరి అలవాటు ప్రకారం అక్క మామా అని పిలిచే ఆవిడ, తీసి ఎవరు నువ్వని అరబ్బీలో అడిగింది. నేను మాట్లాడకుండా పెట్టేశాను. మళ్లీ చేయలేదు.