ముక్కు చెప్పిన హోటళ్లు

మా ప్లాంటులో ఎవరైనా పెళ్లాం పిల్లలతో సిటీకి పోయి ఒక పూట బయట తినాలనుకుంటే ముందు నా దగ్గరికి వచ్చేవాళ్లు. కోఠిలో చీరలు కొనేసరికి మధ్యాహ్నం దాటుతుంది, ఎక్కడ కూర్చుని తినాలి? నాంపల్లి స్టేషన్‌లో దిగే అత్తగారికి మంచి ఇడ్లీ ఎక్కడ దొరుకుతుంది? బావమరిది మొదటిసారి వస్తున్నాడు, బిర్యానీ పెట్టించి పరువు నిలుపుకోవాలి, ఆబిడ్స్ నయమా సికింద్రాబాద్ నయమా? క్యాంటీన్‌లో నీళ్ల సాంబారు ముందేసుకుని నేను తీర్పులు చెప్పేవాణ్ణి. తీర్పు తప్పిందని ఎవరూ తిరిగొచ్చి అనలేదు. ఫోన్లో చుక్కలు చూసి హోటల్ వెతికేవాళ్లంటే నాకు ఇప్పటికీ చిరాకే. ఆ చుక్కలు పెట్టినవాడు ఎవడో, వాడి ఇంట్లో ఏం వండుకుంటారో ఎవరికి తెలుసు?

మాది ఇస్నాపూర్. మా నాయన జొన్న వేసిన చెలకలో ఇప్పుడు ఆరు కిరాయి గదులున్నాయి. ఒడిశా, బీహార్ నుంచి ఫ్యాక్టరీల పనికి వచ్చినవాళ్లు వాటిలో ఉంటారు. నేను కూడా ఇంటర్ తప్పి మందుల ఫ్యాక్టరీలోనే చేరాను. వారపు సెలవు వస్తే చాలు, పటాన్‌చెరులో కోఠి బస్సెక్కేవాణ్ణి. రెండు గంటలు ఊగుతూ పోయి తినొచ్చేవాణ్ణి. కోఠి సందులో మిరపకాయ బజ్జీ, మొజంజాహి మార్కెట్ దగ్గర సీతాఫలం ఐస్‌క్రీమ్, ఆబిడ్స్‌లో మెట్లెక్కి పోయే శాకాహార భోజనం, నాంపల్లిలో పొద్దున్నే పాయా, సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఇరానీ చాయ్. మా ఆవిడ పెళ్లయిన కొత్తలో నవ్వేది, నీకు సిటీలో ఇంకో ఇల్లుందేమో అని.

నా పద్ధతి ఒక్కటే. గుమ్మం దగ్గర ఆగాలి. బోర్డు చూడొద్దు, ధరల పట్టీ చూడొద్దు. కళ్లు మూసి ముక్కుతో చూడాలి. నూనె నిన్నటిదా ఈరోజుదా ముక్కు చెప్పేస్తుంది. ఉల్లిగడ్డ ఎర్రగా వేగిందా మాడిందా అదీ చెబుతుంది. చేతులు కడిగే వైపు నుంచి ముక్కిపోయిన బట్ట వాసన వచ్చిందంటే లోపల అద్దాలు, ఏసీలు ఎన్ని ఉన్నా వెనక్కి తిరగాల్సిందే. పేరు గొప్ప ఊరు దిబ్బ అన్న హోటళ్లు సిటీలో లెక్కలేనన్ని. వాటి గుమ్మాల దగ్గరి నుంచే వెనక్కి తిరిగాను.

ఆ ముక్కే నాకు ప్లాంటులో పెద్దరికం తెచ్చిపెట్టింది. మా బ్లాకులో తయారయ్యే మందుపొడి చివరికి డ్రయర్‌లోకి పోతుంది. డ్రయర్ అంటే చిన్న గదంత ఉక్కు పీపా. దాన్ని వేడి చేస్తూ, తిప్పుతూ పొడిలో మిగిలిన సాల్వెంటును, అంటే తయారీలో వాడిన మండే ద్రవాన్ని, లాగేస్తారు. ఆ తడి పూర్తిగా పోకముందే పెద్ద మూత తీస్తే ఆవిరి గుప్పున బయటికొస్తుంది. ఒక్క నిప్పురవ్వ చాలు, మూత దగ్గర నిలబడ్డవాడు మిగలడు. అందుకని పక్కనున్న చిన్న రంధ్రం నుంచి గరిటెడు పొడి తీసి ల్యాబ్‌కు పంపాలి, కాగితం వచ్చాకే మూత తీయాలి. రూల్ ఇది. కాగితం రావడానికి రెండు గంటలు పడుతుంది. అంతసేపు ఆగే ఓపిక ఏ షిఫ్టు ఇన్‌ఛార్జికీ ఉండదు.

కాబట్టి మా దగ్గర ఇంకో పద్ధతి నడిచేది. బ్లాకులో పాతవాడు మాస్కు కిందికి లాగి, గరిటెలోని పొడిని ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. అతను అయిందంటే మూత తీస్తారు. కాగితం తర్వాత వచ్చి ఫైలులో పడుతుంది. నా ముందు ఆ పని ఒక పెద్దాయన చేసేవాడు, ఆయన రిటైరయ్యాక నాకొచ్చింది. ఎవరూ ఆర్డరేమీ ఇవ్వలేదు. నేను చూశాక నా పక్కన పనిచేసే జోడీ ఆపరేటర్ కూడా ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని తలూపేవాడు. బోల్టులు విప్పే పానా అతని చేతిలో ఉండేది, మూత తీసేది అతనే. ల్యాబ్ మిషన్ కన్నా నీ ముక్కు నయమని ఇన్‌ఛార్జిలు అంటుంటే నేను ఇంటికొచ్చి ఆ మాట పదిసార్లు చెప్పుకునేవాణ్ణి.

పోయిన చలికాలంలో ఒక ఆదివారం ఇంట్లో కూర్చుని ఉన్నాను. కిరాయి గదుల వైపు కిటికీని మా ఆవిడ ధడాలున మూసింది. ఆవనూనెలో చేపలు వేయిస్తున్నారట, తల పగిలిపోతోందట. అంతకుముందు ఆ వాసనకు గొణిగేవాణ్ణి నేనే. ఆరోజు నాకేమీ తెలియలేదు. లేచి వంటింట్లోకి పోయి ఇంగువ డబ్బా మూత తీశాను. ఏమీ లేదు. అల్లం దంచి చూశాను. కిరోసిన్ సీసా చూశాను. చివరికి బాత్‌రూమ్‌లో ఫినాయిల్ దగ్గర వంగి నిలబడితే మా ఆవిడ వచ్చి ఏం చేస్తున్నావని అడిగింది. జలుబు చేసినట్టుందన్నాను.

జలుబు కాదు. ఊళ్లో డాక్టరు చుక్కలిచ్చాడు, ఆవిరి పట్టమన్నాడు, ఏం పని చేస్తావని అడిగాడు. ఫ్యాక్టరీ అనగానే తల వంచుకుని ఇంకో చీటీ రాశాడు. పెద్ద డాక్టరుకు చూపించుకోమని అందులో రాసుంది. దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. తిండి ఉప్పు, కారం, పులుపు అని మూడు ముక్కలైపోయింది. బిర్యానీ అయినా క్యాంటీన్ అన్నమైనా నోట్లో ఒకటే.

భయం తిండి గురించి కాదు. ఈ సంగతి బయటపడితే బ్లాకులో నేనెవణ్ణి? ప్యాకింగ్‌లోకి పంపుతారు, డబ్బాలకు చీటీలు అంటించమంటారు. ఇరవై రెండేళ్లు నన్ను చూస్తే పక్కకు జరిగి దారిచ్చినవాళ్లు అయ్యో పాపం అంటారు. దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకున్నాను. ఏటేటా కంపెనీ డాక్టరు బీపీ చూస్తాడు, కళ్లు చూస్తాడు, గొట్టంలో ఊదమంటాడు. ముక్కు గురించి ఒక్కనాడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

డ్రయర్ దగ్గర ఎప్పటిలాగే మాస్కు లాగి, గరిటె ముక్కు దగ్గర పెట్టుకుని, గడియారం చూసేవాణ్ణి. మామూలుగా పట్టే టైముకు ఇంకో అరగంట కలిపి అయిందనేవాణ్ణి. నా తర్వాత జోడీ ఆపరేటర్ ఎలాగూ చూస్తున్నాడు కదా, తేడా ఉంటే అతనే చెబుతాడు అని సర్దుకునేవాణ్ణి. మొదటిసారి చెమటతో బనియన్ తడిసిపోయింది. నాలుగోసారికి చెమట పట్టలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ఆ చెమట పట్టకపోవడమే నాకు అసహ్యంగా ఉంది.

వానాకాలంలో మా బిడ్డ డిగ్రీలో చేరింది. కోఠిలో పాత పుస్తకాలు కొనాలంది. పుస్తకాలయ్యాక డాడీ లిస్టులో నంబర్ వన్ హోటల్‌కే పోదామని బస్సులో కూర్చున్నప్పటి నుంచీ పట్టు. చిన్నప్పటి నుంచి ఆ గుమ్మం దగ్గరి తతంగం దానికి ఇష్టం. నేను కళ్లు మూసుకుంటే అది నా చొక్కా పట్టుకుని నా మొహంలోకి చూసేది.

పుస్తకాలు కొని నేను, మా ఆవిడ, బిడ్డ ముగ్గురం ఆబిడ్స్ చేరాం. నేను నమ్ముకున్న హోటల్ ఉన్నచోట సెల్‌ఫోన్ల షాపు ఉంది. అక్కడే తల తిప్పుకుని బస్సెక్కాల్సింది. కానీ బిడ్డ ముందు హోటల్ తెలియని మనిషిని కాదలుచుకోలేదు. మా ఆవిడ జాకెట్ గుడ్డ మార్చుకుని వస్తానని ఎదురు షాపులోకి పోయింది. నేను బిడ్డను తీసుకుని పక్క వీధిలో, ఎప్పుడూ చూడని హోటల్ గుమ్మం దగ్గర ఆగాను. కళ్లు మూశాను. గుడ్డి కన్ను మూస్తేనేం, తెరిస్తేనేం. కాసేపు అట్లాగే నిలబడి, మస్తుగుంది పద అన్నాను. బిడ్డ సంబరంగా నా ముందు నడిచింది.

మటన్ బిర్యానీ తెప్పించాను. నాలుగు ముద్దలు తిన్నాక బిడ్డ ఆగి, ఏదో వాసనొస్తోందని నసిగింది. నేను నవ్వాను. సిటీ మసాలా అట్లాగే ఉంటుంది, నీకు అలవాటు లేదు, తిను అన్నాను. అది నా మాట మీద తింటూ పోయింది. పళ్లెంలో ముప్పావు అయిపోయాక మా ఆవిడ వచ్చి కూర్చుంది. ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని, వెంటనే కొంగులోకి ఉమ్మేసింది. బిడ్డ ముందున్న పళ్లెం చూసింది. ఖాళీ అయిన నా పళ్లెం చూసింది. తర్వాత నా మొహం చూసింది. బిడ్డ ముందు నుంచి పళ్లెం అవతలికి నెట్టి, లేవండి అంది. హోటల్ అతను వాదించనైనా లేదు. వేరే ప్లేటు తెస్తానన్నాడు. అంటే వాడికి తెలుసు.

ఫుట్‌పాత్ మీద బిడ్డ కొంచెం ముందు నడుస్తుంటే మా ఆవిడ మెల్లగా అడిగింది.

"ఎప్పటిసంది రాదు నీకు?"

చలికాలం నుంచి అన్నాను. ఆమె గబగబా ముందుకు పోయి బిడ్డ చెయ్యి పట్టుకుంది. తిట్టి ఉంటే బాగుండేది.

బస్సు లింగంపల్లి దాటకముందే బిడ్డకు వాంతులు మొదలయ్యాయి. పటాన్‌చెరులో దిగి నేరుగా ఆసుపత్రికి పోయాం. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు. అదే తిండి తిన్న నాకు కనీసం కడుపునొప్పి కూడా రాలేదు, అదొక సిగ్గు. రెండో రోజు కాస్త తేరుకున్నాక బిడ్డ నన్ను చూసి, నువ్వు తినమన్నావు కదా అని తిన్నాను డాడీ అంది. కోపంతో అనలేదు. జరిగింది చెప్పింది, అంతే. నేను మంచినీళ్ల సీసా నింపుకొస్తానని బయటికి వచ్చేశాను.

మా ఆవిడ నా వెనకే వచ్చింది. నీళ్ల కుళాయి దగ్గర నిలబడి, పనికాడ డ్రయర్ దగ్గర కూడా ఇట్లాగే చెబుతున్నావా అని అడిగింది. నా గొప్పలు ఇరవై ఏళ్లుగా విన్న మనిషి, ఆమెకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. సీసా నిండి నీళ్లు పొర్లిపోతున్నాయి.

"ఆడ నీ మాట మీద మూత తీసేటోనికి గూడ బిడ్డలున్నరు," అంది.

ఇంతకుముందు నాకు తట్టని విషయం కాదది. తట్టినప్పుడల్లా గడియారం వైపు చూసి అరగంట కలుపుకున్నాను. జోడీ ఆపరేటర్‌కు ఇద్దరు ఆడపిల్లలు, చిన్నది ఇంకా బడికి కూడా పోవడం లేదు. ప్యాకింగ్‌లో చీటీలు అంటించాల్సి వస్తుందన్న భయంతో ఆ పిల్లల తండ్రిని ఎనిమిది నెలలుగా ఆ మూత ముందు నిలబెడుతున్నాను.

బిడ్డ ఇంటికొచ్చిన మర్నాడు మొదటి షిఫ్టుకు పోయాను. పది గంటలకు డ్రయర్ దగ్గర పిలుపొచ్చింది. కింద లారీ వచ్చి ఉంది, జెర జల్దీ చూడన్నా అని ఇన్‌ఛార్జి పై మెట్ల మీది నుంచే అన్నాడు. చిన్నవాడు, నా చేతికింద పని నేర్చుకున్నవాడు. జోడీ ఆపరేటర్ పానా పట్టుకుని మూత పక్కన నిలబడి ఉన్నాడు. నేను గరిటె తీసుకున్నాను. చెయ్యి దానంతట అదే మాస్కు మీదికి పోయింది. అక్కడే ఆపి, గరిటె కింద పెట్టి, అతని భుజం పట్టుకుని డ్రయర్ వెనక్కి తీసుకుపోయాను.

"మూత తియ్యకు," అన్నాను. "నాకు వాసన వస్తలేదు. చలికాలం సంది వస్తలేదు. ఇన్ని దినాలు ఉత్తగనే అయిందని చెప్పిన."

కొడతాడనుకున్నాను. కొడితే పడదామనే పోయాను. అతను చేతిలోని పానాను మెల్లగా నేల మీద పెట్టాడు.

"నాకు గూడ వస్తలేదన్నా," అన్నాడు. "రెండేండ్లాయె. నువ్వు సూస్తున్నవు గదా అని ఊకున్న."

అతను తలూపితే చాలని నేను, నేను అయిందంటే చాలని అతను. చలికాలం నుంచి ఆ మూత అట్లా తెరుచుకుంటూ వచ్చింది. అతని మొహం తెల్లగా పాలిపోయి ఉంది, నాది ఎట్లా ఉందో తెలియదు. ఇద్దరం ఒకరినొకరు పట్టుకున్నట్టే నిలబడ్డాం.

అయిందా అన్నా అని ఇన్‌ఛార్జి పైనుంచి మళ్లీ కేక వేశాడు.

తెలియదు సార్, ల్యాబ్ కాగితం రానియ్యండి అన్నాను. ఇరవై రెండేళ్లలో ఆ డ్రయర్ దగ్గర తెలియదు అన్న మాట నేను అనడం అదే మొదటిసారి.