వదినకు దాచిన మాట

కొన్నేళ్లుగా ఒక మాట నాలోనే ఉండిపోయింది. పెద్ద మాటేం కాదు. ఒక డాక్టరు నాకు చెప్పి, ఇంట్లోవాళ్లకు చెప్పమన్న మాట. నేను చెప్పలేదు. మరిచిపోయి కాదు, చెప్పకూడదనుకునే చెప్పలేదు. దానివల్ల ఒక మనిషి ఆరోగ్యం పోయిందా, లేక ఎలాగూ పోయేదేనా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. తెలియకపోవడం నాకు కొంత ఊరటగా ఉండాలి. ఉండడం లేదు. నా పేరు మీకు అక్కర్లేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే ఇదంతా చెప్పగలుగుతున్నాను.

మాది ఉద్దానంలో, కంచిలికి దగ్గర ఒక ఊరు. కొబ్బరి, జీడితోటలు. అన్నయ్య వ్యవసాయం చూసుకునేవాడు. నేను పలాసలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. ఒక సాయంత్రం ఇంటికి వస్తుంటే హైవే మీద లారీ నా బండిని గుద్దింది. వెన్నుపూస దెబ్బతింది. నడుము కిందనుంచి కదలిక లేదు, స్పర్శ లేదు. నెలల తరబడి విశాఖ ఆసుపత్రిలో ఉండి చక్రాల కుర్చీలో ఇంటికి వచ్చాను. అమ్మా నాన్నా అప్పటికే లేరు. నాకు పెళ్లి కాలేదు. నన్ను చూసుకునే పని అన్నయ్య భార్య, మా దమయంతి వదిన మీద పడింది. పడింది అనడం కూడా సరికాదు. ఆమెను ఎవరూ అడగలేదు. ఆమే మొదలుపెట్టింది, అంతే.

చూసుకోవడమంటే ఏమిటో దాచకుండా చెప్పాలి, లేకపోతే మిగిలింది మీకు అర్థం కాదు. నాకు మూత్రం తెలియదు, విరేచనం తెలియదు. మూత్రానికి వేసిన గొట్టం సంచీ ఖాళీ చేయడం, గుడ్డలు మార్చడం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం, పుండు పడకుండా వీపు కిందంతా చూసుకోవడం, ఇవన్నీ ఆమే చేసేది. కొత్తలో నన్ను చూడ్డానికి వచ్చిన మా పిన్ని ఒకావిడ గుమ్మం దగ్గరే ఆగి చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. వదిన ఎప్పుడూ పెట్టుకోలేదు. దుప్పటి మారుస్తూనే కూర ఏం వండమంటావని అడిగేది. ఆ మామూలుతనం పట్టుకునే నేను బతికాను. కాస్త కుదుటపడ్డాక వీధి అరుగు మీద ట్యూషన్లు పెట్టాను. పిల్లలు వచ్చారు. మళ్లీ నన్ను మాస్టారూ అని పిలిచారు.

గొట్టం ఉన్నవాళ్లకు మూత్రంలో ఇన్ఫెక్షన్ తరచూ వస్తుంది. వచ్చినప్పుడల్లా చలిజ్వరం, యాంటీబయాటిక్ మాత్రలు. అలా ఒకసారి మాత్రలు వాడాక విరేచనాలు పట్టుకున్నాయి. నీళ్లలాగా, ఆగకుండా. మామూలు మనిషికైతే కడుపులో మెలిపెడుతుంది, లేచి వెళతాడు. నాకు వాసన వచ్చాకే తెలిసేది. కొన్నాళ్లకు తగ్గింది. తగ్గిందనుకున్నాం. మళ్లీ వచ్చింది. ఈసారి మనిషిని పీల్చేసింది. నడుము దగ్గర పుండు పడింది. ట్యూషన్లు ఆగిపోయాయి. వదిన రోజుకు ఎన్నిసార్లు నా గుడ్డలు ఉతికేదో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచిస్తే తిండి లోపలికి పోదు.

టెక్కలిలో ఒక డాక్టరమ్మ పరీక్షలు రాసి, శాంపిల్ విశాఖకు పంపించారు. ఫలితం వచ్చిన రోజు అన్నయ్య మందులు తేవడానికి బయటికి వెళ్లాడు. ఆమె నా ఒక్కడితోనే మాట్లాడారు. యాంటీబయాటిక్స్ వల్ల పేగుల్లోని మంచి సూక్ష్మజీవులు చచ్చిపోయి, చెడ్డది ఒకటి పెరిగిందట. తగ్గినట్టే తగ్గి తిరగబెట్టడం దాని స్వభావమట. మందు చాలాకాలం, కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వాడాలన్నారు. తర్వాత అసలు మాట చెప్పారు. ఇది చేతుల ద్వారా అంటుకుంటుంది. మిమ్మల్ని శుభ్రం చేసేవాళ్లకు చెప్పండి. సబ్బు పెట్టి, నీళ్లు పోసుకుంటూ చేతులు బాగా రుద్ది కడుక్కోవాలి. శానిటైజర్‌కు ఇది చావదు. గుడ్డలు విడిగా బ్లీచింగ్ నీళ్లలో నానబెట్టాలి. ఇంతా చెప్పి, ఇంట్లో ఎవరికైనా కిడ్నీ సమస్య ఉందా అని అడిగారు. ఉంటే వాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి, విరేచనాలు పట్టుకుంటే వాళ్ల ఒళ్లు తట్టుకోలేదు అన్నారు.

మా ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎక్కువ కాబట్టి ఏ డాక్టరైనా అడిగే ప్రశ్నే అది. మా ఊళ్లో సంతకం చేయడం రానివాళ్లకు కూడా కిడ్నీ పరీక్షలో చూసే క్రియాటినిన్ అన్న మాట తెలుసు. అంతకు కొన్నాళ్ల ముందే, ఊళ్లో పెట్టిన వైద్య శిబిరంలో, వదినకు అది కాస్త ఎక్కువుందన్నారు. నొప్పి మాత్రలు మింగవద్దన్నారు. ఆ సంగతి ఆమెకు విడమరిచి చెప్పింది నేనే.

"ఎవరికీ లేదండీ" అన్నాను డాక్టరమ్మతో.

ఎందుకన్నాను? అప్పటినుంచి ఈ ప్రశ్నను చాలా రకాలుగా వేసుకున్నాను. అంటువ్యాధి అని తెలిస్తే మళ్లీ పిల్లల్ని ట్యూషన్‌కు పంపరని భయపడ్డాను. అది నిజం. వదిన తప్పుకుంటే నన్ను చూసేవాళ్లెవరు అనుకున్నాను. అదీ నిజమే. కానీ వాటికంటే కింద ఇంకొకటుంది. రేపటినుంచి ఆమె నా దగ్గరికి వచ్చేటప్పుడు ముఖం ఎలా పెడుతుందో అని ఊహించుకున్నాను. పిన్ని ముఖం కనపడింది. అంతే. ఒక మనిషి ప్రాణాన్ని ఒకవైపు, ఆమె ముఖంలో రాబోయే మార్పును ఒకవైపు పెట్టి చూసి, రెండోదానికే ఎక్కువ భయపడ్డాను. అప్పుడు ఇంత స్పష్టంగా అనుకోలేదు. అనుకోకపోవడం కూడా నేను చేసుకున్న ఏర్పాటే.

ఆటో దిగేసరికి వదిన గుమ్మంలో ఉంది.

"ఏటన్నాది బాబూ డాట్రమ్మ?" అని అడిగింది.

"ఏటీ నేదు వదినా. కడుపుల వేడంట. మందులు ఎక్కువ రోజులు వాడమన్నాది."

"అంతేనా? నానింకా ఏటో అనుకుని బెంగెట్టీసుకున్నాను. పద, గంజి తాగుదువు గాని."

ఆ రోజుల్లో మా ఇంట్లో ఒక శానిటైజర్ సీసా ఉండేది. కరోనా అప్పుడు అలవాటైంది. బోరింగు పెరటి చివర. అంతదూరం మాటిమాటికీ ఎక్కడ పోతుందని ఆ సీసా నా గదిలో పెట్టమన్నది నేనే. నా పని అయ్యాక వదిన దాన్ని నాలుగు చుక్కలు చేతిలో వేసుకుని, వేళ్ల సందుల్లో కూడా జాగ్రత్తగా రుద్దుకునేది. రుద్దుకుని వంటింట్లోకి వెళ్లేది. నేను చూస్తూ ఉండేవాణ్ణి. ఒకట్రెండుసార్లు "సబ్బెట్టుకో వదినా" అన్నాను, పేపరు చదువుతూ, తల ఎత్తకుండా. "ఇది సబ్బు కన్నా మంచిదంట గదా" అంది. నేను ఇంకేం అనలేదు. హెచ్చరించానని నాకు నేను చెప్పుకోవడానికి ఆ మాత్రం చాలింది.

జీడిపిక్కల కాలం వచ్చింది. వదినకు పన్ను నొప్పి. మందుల షాపులో ఏవో మాత్రలు తెచ్చుకుని మింగింది. నేను వద్దన్నాను, ఆమె నవ్వేసింది. ఆ తర్వాత కొద్దిరోజులకే ఆమెకు విరేచనాలు మొదలయ్యాయి. ఎండలో తోటకు వెళ్లడం వల్లనుకుంది. పనసపండు తినడం వల్లనుకుంది. అలాగే లేచి నా పని చేసేది, అలాగే పోయి పిక్కలు ఏరేది. ఊళ్లో ఆరెంపీ డాక్టరు వచ్చి సూది వేశాడు. నా మంచానికి మూరెడు దూరంలో కూర్చునే వేశాడు. నాకు ఉన్న జబ్బు పేరు అతనికి చెబితే చాలు, వెంటనే పలాస తీసుకెళ్లమనేవాడు. "ఓఆర్ఎస్ తాగించండి" అన్నాను. బాధ్యతగల మరిదిలాగా అన్నాను.

పలాస తీసుకెళ్లేసరికి ఆమె కాళ్లు, ముఖం ఉబ్బి ఉన్నాయి. మూత్రం ఆగిపోయింది. కిడ్నీలు బాగా దెబ్బతిన్నాయన్నారు. మళ్లీ పుంజుకుంటాయేమోనని కొన్ని వారాలు చూశారు. పుంజుకోలేదు. డయాలసిస్ మొదలైంది. అది ఇప్పటికీ నడుస్తోంది.

ఎవరూ ఏమీ అడగలేదు. అడగాల్సిన అవసరం మా ప్రాంతంలో ఎవరికీ రాదు. ప్రతి వీధిలో కిడ్నీలు పోయినవాళ్లు ఒకరో ఇద్దరో ఉన్నారు. "మన నీల్లంతే" అన్నారు వచ్చినవాళ్లందరూ. అన్నయ్య కూడా అదే అన్నాడు. నేనూ తల ఊపాను. ఊరు పడుతున్న కష్టం వెనక నా తప్పు హాయిగా దాక్కుంది.

నేను ఆ మాట చెప్పి ఉంటే ఆమె కిడ్నీలు బాగుండేవా? ఏమో. అసలే బలహీనంగా ఉన్నాయి. నొప్పి మాత్రలు మింగింది. నిజంగానే పనసపండు వల్ల వచ్చిందేమో. ఆమెకు ఆ పరీక్ష ఎవరూ చేయలేదు. లెక్కలు చెప్పినవాణ్ణి కదా, దీన్ని కూడా ఎన్నో రకాలుగా చేసి చూశాను. తేలదు. తేలేది ఒక్కటే, నేను అబద్ధం చెప్పినప్పుడు ఈ మాత్రల సంగతి, పనసపండు సంగతి నాకు తెలియవు. ఆమెకు ప్రమాదమని మాత్రం తెలుసు.

ఈలోగా నాకు పూర్తిగా తగ్గింది. మందు చివరిదాకా వాడాను. మళ్లీ తిరగబెట్టలేదు. పుండు మానింది, ఒళ్లు చేసింది. వదినకు ఇక చేతకాదు కాబట్టి నా పనులు నేనే నేర్చుకున్నాను. మంచం మీంచి కుర్చీలోకి జరగడం, మళ్లీ పుండు పడిందేమో అద్దం పెట్టుకుని చూసుకోవడం, గుడ్డ మార్చుకోవడం. ముందు చాలా కష్టమైంది, తర్వాత అలవాటైంది. అంటే ఇవన్నీ నేను ముందే నేర్చుకోగలిగినవే. చేతులు అప్పుడూ ఉన్నాయి.

ఇదంతా ఇలాగే సాగిపోయేది. మొన్నీమధ్య ఒక మధ్యాహ్నం పొరుగింటావిడ వదినను పలకరించడానికి వచ్చింది. అన్నయ్య తోటలో ఉన్నాడు. ఇంత చిన్న వయసులో ఇదేం ఖర్మే అని ఆవిడ అంటే, వదిన అంది: "నా సేతులారా నానే సేసుకున్నాను. మాత్రలు మింగొద్దని మా బాబు సెప్పనే సెప్పినాడు. ఇన్నానా?"

ఆవిడ వెళ్లిపోయింది. వదిన మడతమంచం మీద పడుకుని ఉంది. నేను కుర్చీ దగ్గరికి తోసుకున్నాను.

"మాత్రలొకటే కాదు వదినా" అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది.

"నాకొచ్చిన జబ్బు అంటుకుంటాదని ఆ టెక్కలి డాట్రమ్మ సెప్పింది. కిడ్నీ బాగునేనోలు దూరంగా ఉండాలంది. ఇంట్లో అలాంటోలు ఎవలూ నేరని సెప్పీసినాను. నీకు సెప్పమంది. సెప్పనేదు."

లేచి కూర్చుంది. తర్వాత అడిగింది. "ఏటి సెయ్యమంది?"

"సబ్బుతో సేతులు కడుక్కోమంది. గుడ్డలు బ్లీచింగుల నానబెట్టమంది."

"ఇంకా?"

"అంతే."

"సబ్బు ఇంట్లోనే ఉన్నాది గదా బాబూ" అంది.

కోపంగా అనలేదు. నిజంగా అర్థంకాక అడిగినట్టే అంది.  మళ్లీ తనే అంది. "మీ అన్నకి సెప్పకు. ఇల్లు నిలబడదు." గోడవైపు తిరిగి పడుకుంది.

క్షమించిందా అని మీరు అడగవచ్చు. నేను అడగలేదు. అడిగితే ఆమె మీద ఇంకో పని పెట్టినట్టవుతుంది. మాట్లాడుతోంది. భోజనం చేశావా అని అడుగుతుంది, డయాలసిస్‌కు వెళ్లే ఆటో వచ్చిందా చూడమంటుంది. ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. ఆమె మనసులో ఏముందో నాకు తెలియదు. తెలుసుకునే హక్కు నాకుందని కూడా అనుకోను.

అన్నయ్యకు చెప్పవద్దంది కాబట్టి చెప్పడం లేదు. అది ఆమె కోసమే అనుకుంటున్నాను. అందులోనూ నాకు లాభముంది, ఆ సంగతీ గమనించాను. కానీ ఎక్కడో ఒకచోట, వరసగా, ఏదీ తగ్గించకుండా చెప్పాలనిపించింది. ఆమెకు ప్రమాదమని నాకు తెలుసు. తెలిసే చెప్పలేదు. ఇన్నేళ్లలో ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టడం ఇదే మొదలు. పెట్టాక గుండెల్లో కొంచెం జాగా దొరికినట్టుంది. దానికి నేను తగినవాణ్ణో కాదో తెలియదు. ఉంది, అంతే.