మూడో భాగం

పియానో నాకు ఎవరూ నేర్పలేదు. చిత్తూరు మిషన్ బడిలో మా నాయన వంటమనిషి. పిల్లలు అన్నాలకు వెళ్లాక ఖాళీ అయిన ప్రార్థన హాల్లోని పియానో మీద, పాత కాగితాల అంగట్లో దొరికిన స్వరాల పుస్తకం ముందు పెట్టుకుని నేనే నేర్చుకున్నాను. సొంత పియానో ఎప్పుడూ కొనలేకపోయినా, ఆ తర్వాత నలభై ఏళ్లు చర్చి పెళ్లిళ్లలో, బెంగుళూరు హోటళ్లలో, మద్రాసులో నాలుగైదు కచేరీల్లో వాయించాను. మా జిల్లాలో మాత్రం ఒక్కరూ పిలవలేదు. అడిగితే, "పియానోనా? అది సినిమాల్లో గదప్పా వాయించేది!" అనేవాళ్లు.

మొన్నటేడు తిరుపతిలో ఒక కళాశాల వాళ్లు పిలిచారు. అప్పటికే నా కుడిచేతి ఉంగరపు వేలు బిగుసుకుపోతోంది. ఇంకో కొన్ని నెలలకు మించి ఆడదని డాక్టరు చెప్పేశాడు. నా ఆశ ఒక్కటే. మూడు భాగాల పెద్ద పియానో రచన ఒకటుంది. అందులో ఆ వేలికి ఊపిరాడనివ్వని మూడో భాగాన్ని నా వాళ్ల ముందు ఒక్కసారి చివరిదాకా వాయించాలి.

నెమ్మదిగా సాగే రెండో భాగం ముగిసింది. మూడోది ఎత్తుకుని పది వరసలు దాటానో లేదో, తలుపు దగ్గర కలకలం. ముఖ్య అతిథి, గంటన్నర ఆలస్యంగా! నిర్వాహకుడు మైకు పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"సారుకు కొండపైన దర్శనం టైమయిపోతాందన్నా. శాలువా కప్పించేస్తాం, మళ్లీ వాయిద్దువు."

శాలువా, జ్ఞాపిక, అరగంట ఉపన్యాసం. ఆ పెద్దమనిషి నా వాద్యాన్ని హార్మోనియం అన్నాడు. ఆయన వెళ్తుంటే సగం హాలు వెంట పోయింది, మిగతా సగం భోజనాలకు లేచింది. అద్దె పియానో తెచ్చిన వ్యానువాళ్లు దాని మూత వేసేశారు.

చిత్తూరు బస్సులో కాణిపాకం మలుపు వచ్చేదాకా తిట్టాను. కళకు ఇక్కడ విలువ యాడ ఉండాదని అరిచాను. నా భార్య విని విని అంది:

"ఎవుర్ని తిడతావబ్బా? మైకాయన రాకముందే లేసినావు గదా! ఆ సారు గడపలో కనపడినాడో లేదో, వాయించేది ఇడిసిపెట్టి దండం పెట్టినావు. నేను ముందు వరసలో సూస్తానే ఉండాను."

బడికి పెద్దలెవరైనా వస్తే నాయన గరిటె వదిలి వంటింటి గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడేవాడు. పక్కన నన్నూ నిలబెట్టేవాడు. బతుకంతా నాకు నేనే చదువు చెప్పుకున్నాను. ఆ లేవడం ఒక్కటీ ఆయన నేర్పింది.

ఆ వానాకాలానికే వేలు ముడుచుకుపోయింది. శాలువా బీరువాలో మడత విప్పకుండా ఉంది. ఆ మూడో భాగాన్ని మా జిల్లాలో ఎవరూ పూర్తిగా వినలేదు, నా భార్యతో సహా.