టక్కుమన్నదా బిడ్డా?

పోయిన నెల మా చిన్నమ్మ చనిపోయింది. మా అమ్మకు ఒక్కగానొక్క చెల్లెలు. నేను జగిత్యాల బడిలో పాఠం చెబుతుండగా కోరుట్ల నుంచి ఆమె పక్కింటావిడ ఫోన్ చేసింది.

"బిడ్డా, మీ చిన్నమ్మ పొయ్యికాడ కూలవడ్డది. లేపితె లేస్తలేదు. జల్ది రా."

పొయ్యికాడ అని స్పష్టంగానే చెప్పింది. అయినా నేను అడిగిన మొదటి మాట, "ఏ రోడ్డు మీద?" అని. చిన్నమ్మకు చావంటూ వస్తే రోడ్డు మీదనే వస్తుందని మా ఇంట్లో అందరం లోలోపల భయపడుతూ ఉండేవాళ్లం. డాక్టరు గుండెపోటు అన్నాడు. ఒంటి మీద కొత్త దెబ్బ ఒక్కటీ లేదు. స్నానం చేయిస్తూ మా అమ్మ పాత మచ్చలన్నిటినీ తడిమి తడిమి ఏడ్చింది.

చిన్నమ్మ సిరిసిల్లలో మరమగ్గాల చప్పుడు మధ్య పుట్టి, కోరుట్లకు కోడలిగా వచ్చింది. చిన్నాయన గల్ఫ్‌లో పని చేసేవాడు. సెలవు మీద వచ్చినప్పుడు ఒకసారి ఇద్దరూ మెట్‌పల్లి దగ్గరి ఇబ్రహీంపట్నంలో పెళ్లికి పోయి బండి మీద తిరిగి వస్తున్నారు. పొద్దు గూకే వేళ. ముందు పోతున్న ట్రాక్టరు ట్రాలీకి వెనక లైటు లేదు. చిన్నాయన తల మీద హెల్మెట్ ఉంది, గదవ కింద పట్టీ మాత్రం పెట్టుకోలేదు. బండి గుద్దుకోగానే హెల్మెట్ ఎగిరి మక్క చేనులో పడింది. ఆయన తల పోయి ట్రాలీ ఇనుప అంచుకు తగిలింది. చిన్నమ్మ కాలువలో పడి భుజం ఎముక విరిగింది. పాక్కుంటూ వచ్చి ఆయన తలను ఒళ్లోకి తీసుకుంటే వెనక భాగం చేతికి మెత్తగా తగిలిందని చాలా ఏళ్ల తర్వాత నాతో చెప్పింది.

ఆస్పత్రి వరండాలో ఎవరో ఆ హెల్మెట్ తెచ్చి ఆమె పక్కన పెట్టారు. కట్టు లేని చేత్తో దాన్ని ఎత్తి స్తంభానికేసి కొట్టింది. "ఒక్క గీత వడలే సూడుండ్రి! ఆయిన నెత్తి పలిగింది, దీనికి ఒక్క గీత వడలే!" అని అరుస్తూ, అది చీలిపోయేదాకా కొడుతూనే ఉంది. ఆపడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

చిన్నాయన దినాలు అయ్యాక అత్తగారింటివాళ్లు బండి అమ్మేద్దామన్నారు. ఆమె దాన్నే బాగుచేయించి నడపడం నేర్చుకుంది. సిరిసిల్ల నుంచి లంగాల బట్ట, తువ్వాలలు తెచ్చి కోరుట్ల చుట్టుపక్కల దుకాణాలకు వేసేది. గల్ఫ్‌లో డెలివరీ బండి నడిపే మా మేనమామ అక్కడి నుంచి ఆమెకొక రైడింగ్ కోటు పంపాడు. భుజాలకు, మోచేతులకు, వెన్నుకు లోపల ప్యాడ్లు. వేలితో నొక్కితే పిండిముద్దలా దిగబడతాయి, దెబ్బ పడ్డ క్షణంలో బిగుసుకుంటాయి. మా అమ్మ నమ్మలేదు. చిన్నమ్మ ఒక ప్యాడ్ తీసి అరచేతి మీద పెట్టుకుని, రెండో చేత్తో పచ్చడి బండ ఎత్తి దబ్బున వేసింది. అమ్మ కెవ్వుమంది. చిన్నమ్మ చెయ్యి కాస్త ఎర్రబడింది, అంతే.

ఎండాకాలంలో ఆ కోటుతో పోతే దుకాణాల దగ్గర మగవాళ్లు నవ్వేవాళ్లు.

"ఏందక్కా, గీ ఎండల గొంగడి కప్పుకున్నవ్?"

"చెమట వడితె తుడుసుకుంట తమ్మీ. తోలు వోతె ఏం తుడుసుకోవాలె?"

నన్ను వెనక ఎక్కించుకునే ముందు నా గదవ కింద వేలు దూర్చి పట్టీ లాగి చూసేది. "టక్కుమన్నదా బిడ్డా?" అని అడిగేది. నేను విసుక్కుంటే, "పట్టీ వెట్టని హెల్మెట్ బోనం లెక్క. నెత్తిమీద ఉంటది గని, కాలు జారితె నిన్ను ఇడిసి అదే ముందుగాల వోతది" అనేది.

యాసంగి కోతల రోజుల్లో మేమిద్దరం కోరుట్ల నుంచి జగిత్యాలకు వస్తున్నాం. సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి, అంచున బండరాళ్లు పేర్చారు. ఎదురుగా లారీ మీదికి రావడంతో చిన్నమ్మ పక్కకు తిప్పింది. ముందు చక్రం రాయికి తగిలింది. తర్వాత నాకు తెలిసింది చప్పుడు ఒక్కటే. నా ముఖానికి బెత్తెడు దూరంలో హెల్మెట్ దవడ భాగం తారు మీద గరగరా అరుగుతూ పోతున్న చప్పుడు. మోకాలి మీద ప్యాంటు, దాని కింద చర్మం కలిసి లేచిపోయాయి.

చిన్నమ్మ వడ్ల మీద దొర్లి లేచింది. కోటు మోచేతుల దగ్గర చిరిగి లోపలి ప్యాడ్లు బయటికి వచ్చాయి. నా దగ్గరికి కుంటుకుంటూ వచ్చి, "కదలకు. కాళ్లు ఆడుతున్నయా? ఏళ్లు ఆడియ్యి" అంది. ఆడించాను. అప్పుడు గాని ఆమె ఊపిరి తీసుకోలేదు.

ఇంతలో వడ్ల ఆసామి పార ఎత్తుకుని తిడుతూ వచ్చాడు. చిన్నమ్మ అతని అంగీ పట్టుకుని గుంజి, నేను తీసిన హెల్మెట్ అతని ముఖానికి ఆనించింది. దవడ భాగం సగానికి సగం అరిగిపోయి ఉంది.

"చెయ్యి వెట్టి సూడు. గిది లేకుంటె గిప్పుడు నా బిడ్డ దవడ గిట్లుండు. నీకు బిడ్డలు లేరా?"

అతను చెయ్యి పెట్టి చూశాడు. పార కింద పడేసి, రాళ్లు ఒక్కొక్కటే ఎత్తి పొలంలోకి విసిరాడు.

ఇంకోసారి, ఒక మంగళవారం, కొండగట్టు కింద. గుడికి వచ్చిన జనం కిక్కిరిసి ఉన్నారు. ఒక ఆటో అడ్డం తిరిగి మా ముందు పోతున్న బండిని గుద్దింది. దాని మీది మనిషి ఎగిరిపడి కదలకుండా పడి ఉన్నాడు. వెనక ఇంకో బండి మీద వస్తున్న అతని అన్న పరుగెత్తుకొచ్చి, ఏడుస్తూ, తమ్ముడి హెల్మెట్‌ను రెండు చేతులా లాగుతున్నాడు. తల దాంతోపాటు లేస్తోంది.

"ఇడువు! ఇగ్గకు! మెడ ఇరిగి ఉంటె ఈడనే సస్తడు!" అని చిన్నమ్మ అతని మీదికి దూకింది.

"ఊపిరి ఆడుతలేదు, నువ్వెవతివే?" అని అతను లాగి చెంప మీద కొట్టాడు. ఆమె పెదవి చీలింది. అతను మళ్లీ హెల్మెట్ పట్టుకున్నాడు. చిన్నమ్మ తన హెల్మెట్ తీసి, దాంతో అతని మణికట్టు మీద ఒక్క వేటు వేసింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది.

జనం ఆమె మీద పడ్డారు. జుట్టు పట్టి గుంజారు, వీపు మీద తన్నారు. ఆ తన్నులన్నీ కోటు వెన్ను ప్యాడ్ మీద పడ్డాయి. ఆమె మోకాళ్ల మీద కూర్చుని పడ్డవాడి తలను రెండు చేతుల మధ్య కదలకుండా పట్టుకుంది. "అద్దం లేపిన, సూడుండ్రి. ఊపిరి ఆడుతున్నది. టోపి దవఖానల తీస్తరు" అని చెబుతూనే ఉంది. అంబులెన్స్ వచ్చేదాకా చేతులు తీయలేదు. ఆమె పెదవి నుంచి రక్తం బొట్లు బొట్లుగా రోడ్డు మీద పడుతోంది.

కొన్నాళ్లకు ఆ అన్న చేతికి కట్టుతో కోరుట్ల వచ్చి, చిన్నమ్మ గడప ముందు నిలబడ్డాడు. నేనక్కడే ఉన్నాను. పోలీసు కేసేమో అనుకున్నాను.

"మెడ ఎముక పలిగిందంటక్కా" అన్నాడు. "డాక్టరు జెప్పిండు. నేను ఇంకొక్కపాలి ఇగ్గి ఉంటె..."

"చెయ్యి ఎట్లున్నది?"

"ఇరిగింది."

"ఇరగాల్నని కొట్టలే తమ్మీ. ఇడువాల్నని కొట్టిన. రా, చాయ్ తాగుదువు."

అతను ఎడమ చేత్తో చాయ్ తాగి పోయాడు. పోయిన నెల ఆమె పాడె మోసిన నలుగురిలో అతనొకడు. మణికట్టు కొంచెం వంకరగానే అతుక్కుంది. తమ్ముడు ముందు నడిచాడు. మెడ తిరగదు గనుక, పాడెను చూడాలనుకున్నప్పుడల్లా మొత్తం మనిషే వెనక్కి తిరిగేవాడు.

చనిపోయే ముందు, పసుపు మార్కెట్టుకొచ్చే కాలంలో ఆమె మా బడికి వచ్చింది. అదే ఆఖరుసారి చూడడం. గేటు ముందు బండి ఆగితే నేను గుర్తుపట్టలేదు. బండి, కోటు, గ్లౌజులు, హెల్మెట్ అంతా పచ్చటి పసుపు. చిన్నాయన పోయిన తర్వాత ఆమెను పేరంటానికి పిలిచినవాళ్లు లేరు, పసుపు అంటనిచ్చినవాళ్లు లేరు.

"మెట్‌పల్లి కాడ నా ముందల్నే లారీల బస్త పలిగింది బిడ్డా" హెల్మెట్ లోపలి నుంచే నవ్వుతోంది. "గింత పసుపు నా పెండ్లికి గూడ రాయలే."

గ్లౌజు తొడిగిన రెండు వేళ్లతో అద్దాన్ని అడ్డంగా తుడిచింది. ఆ సన్నని చారలో ఆమె కళ్లు మెరుస్తూ కనిపించాయి.