రాలిన మట్టలు

పెరట్లో కొబ్బరి మట్ట పడిన చప్పుడు వినిపిస్తే మా అత్తగారు చేతిలో పని వదిలేసి వెళ్ళేవారు. ముందు కింద ఎవరూ లేరు కదా అని చూసుకునేవారు, తర్వాత మట్ట ఈడ్చుకెళ్ళి గోడవారన పెట్టేవారు. చెట్టు మాది, కాయ మాది. రాలిన మట్ట మాత్రం తేగలావిడది. ఈ ఏర్పాటు ఎవరు చేశారో నాకు తెలీదు. కొత్త కోడలిగా వచ్చిన మొదటి వానాకాలంలో, నీళ్ళు కాచుకోవడానికి ఒక మట్ట విరిచి పొయ్యిలో పెట్టాను. అత్తగారు నన్ను కేకలెయ్యలేదు. "ఆవిడ వస్తే ఏం చెబుతావు?" అని అడిగారు, అంతే. దానికంటే కేకలే నయం.

తాటి తేగలమ్మే ఆ తేగలావిడ నరసాపురం రేవులో, ఏరు దాటించే పంటు ఆగే చోట కూర్చునేది. భర్త గోదావరిలో వల వేసేవాడు. చలికాలం వచ్చిందంటే ఇల్లు నడిచేది ఆమె తేగల మీదే. కుండలో తేగలు నిలువుగా కుక్కి, కుండ బోర్లించి, చుట్టూ ఎండు మట్టలు పేర్చి, నిప్పు పెట్టి తంపటి వేసేది. ఆ తేగ ఒలుస్తుంటే వచ్చే పొగ వాసనంటే నాకు ఇప్పటికీ ప్రాణం. ఉడకబెట్టినవి వంద పెట్టినా దాని ముందు దిగదుడుపే. ఏటా మొదటి తంపటిలోంచి ఒక కట్ట మా ఇంటికి వచ్చేది.

అత్తగారు పోయాక కూడా మట్టల పద్ధతి నేను తప్పలేదు. కిందటి వేసవి దాకా.

మా వారికి సోలార్ పిచ్చి పట్టింది. మంచి పిచ్చే, కాదనను. ప్యానెళ్ళు బిగించడానికి వచ్చినవాళ్ళు డాబా ఎక్కి చూసి, దక్షిణాన మాకున్న మూడు కొబ్బరిచెట్ల నీడ పడుతుందనీ, అవి తీసెయ్యాలనీ అన్నారు. చెట్లు కొట్టడానికి వచ్చిన మనిషి వంటింటి కిటికీ దగ్గరకి వచ్చి, మట్టలు కూడా తమకేనా అని అడిగాడు. నేను కాఫీ కలుపుతున్నాను. పట్టుకెళ్ళండి అనేశాను. నావి కానివి కాబట్టే అంత ధారాళంగా ఇచ్చాను కాబోలు.

వానలు మొదలై, పెద్ద గాలి వేసిన మర్నాడు పొద్దున్నే తేగలావిడ వచ్చింది. చేతిలో మట్టలు కట్టుకునే ఎప్పటి తాడే. పెరటి గుమ్మంలో ఆగి పైకి చూసింది. నేను గబగబా సోలార్ గురించి చెప్పుకొచ్చాను. బొగ్గు తగలెయ్యడం తగ్గుతుందని, అది అందరికీ మంచిదని కూడా చెప్పాను. పాతికేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన నోరు కదా, ఊరుకోదు. ఆమె అంతా విని, "మంచిదే కదండీ" అంది. తాడు చేతికి చుట్టుకుని వెళ్ళిపోయింది. నాకు చచ్చేంత సిగ్గేసింది.

చలికాలంలో రేవుకి వెళితే ఆమె గ్యాస్ పొయ్యి మీద తేగలు ఉడకబెడుతోంది. చుట్టుపక్కల తోటలు కొట్టి రొయ్యల చెరువులు తవ్వేశారట, ఎక్కడా మట్ట దొరకడం లేదట. గ్యాస్ మీద తంపటి వెయ్యలేవా అని అడిగాను. తంపటికి మంట చుట్టూ ఉండాలనీ, గ్యాస్ మంట కిందనే ఉంటుందనీ చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. ఉడికిన తేగలు రేవులో అందరూ అమ్ముతారు. మధ్యాహ్నం దాటినా ఆమె బుట్ట నిండుగానే ఉంది. పొగ వాసన కోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఇంక ఎందుకు వస్తారు?

అయినా ఆ వారంలోనే ఒక కట్ట పట్టుకుని మా ఇంటికి వచ్చింది. ఈ ఏడు మేం నీకేమీ ఇవ్వలేదు కదా, వద్దు అన్నాను.

"పెద్దమ్మగారింటికండి ఇది," అని నా చేతిలో పెట్టింది. పెద్దమ్మగారంటే ఆమెకి మా అత్తగారే.

వెళ్ళబోతూ ఆగి డాబా మీదికి చూసింది. ప్యానెళ్ళు ఎండకి మెరుస్తున్నాయి. మా వారు అరుగు మీద కూర్చుని, మేం వాడుకోగా ఎంత కరెంటు మిగిలి లైన్లోకి వెళ్ళిందో ఫోన్లో చూసుకుంటున్నారు.

"వీటి నుంచి ఏవీ రాలవాండీ?" అని అడిగింది.

వేళాకోళం కాదు, నిజంగానే అడిగింది. ఆవిడ వస్తే ఏం చెబుతావని అత్తగారు అడిగి ముప్పై ఏళ్ళు దాటింది. ఆవిడ వచ్చింది.