ఏసురత్నం గారి నీళ్ళ తొట్టి

టంకం కరిగేటప్పుడు లేచే పుల్లటి పొగ నా కళ్ళను ఇప్పటికీ మండిస్తుంది. ఇవాళ పొద్దున్న గుడివాడలోని నా షెడ్డులో, అతికిన రేడియేటర్‌ని తొట్టి నీళ్ళలో ముంచితే ఒకే ఒక్క బుడగ పైకి లేచింది. అంతే, ఏసురత్నం గారు నా భుజం వెనక నిలబడ్డట్టే అనిపించింది. ఆయన పోయి రెండేళ్ళయింది.

ఆయనది చిలకలపూడి. వయసులో ఉండగా రోల్డుగోల్డు గొలుసులు అతికిన చెయ్యి. తర్వాత గుడివాడ వచ్చి రేడియేటర్లు బాగుచేసేవారు. నేను ఆయన దగ్గర పని నేర్చుకోవడం మా నాన్నకు సుతరామూ ఇష్టం లేదు. హెడ్మాస్టరుగా రిటైరైన మనిషి, కూతురు మెకానిక్ అవడమేమిటని ఆయన బాధ. చివరికి ఒక షరతు పెట్టారు. తాతయ్య పాత జీపుకు నేను వేరే ఇంజను ఎక్కిస్తున్నాను. ఆ జీపులో ఆయన్ని బందరు తీసుకెళ్ళి, దారిలో ఎక్కడా ఇంజను నీళ్ళు మరగకుండా తిరిగి తీసుకురావాలి. లేదంటే బ్యాంకు పరీక్ష రాయాలి.

ఇంజను పెద్దది, జీపు ముందుభాగం ఇరుకు. దానికి తగ్గ రేడియేటర్ ఎత్తుకి బానెట్ మూతపడలేదు. ఏసురత్నం గారు ఊళ్ళో లేని రెండు రోజుల్లో దాని పై ట్యాంకు కోసి, పొట్టి చేసి, నేనే అతికేశాను. బానెట్ ముచ్చటగా మూసుకుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. పామర్రు చేరేసరికి ఆవిరి తన్నుకొచ్చింది. నాన్న దిగి గుడివాడ బస్సెక్కారు. తిట్టినా బాగుండేది.

ఏసురత్నం గారు ఊరి నుంచి తిరిగొచ్చి జీపు చుట్టూ ఒకసారి తిరిగారు.

“నీళ్ళు పోసే మూత ఇంజను కన్నా కిందకి దిగిపోయింది కదమ్మాయ్. పైన గాలి ఇరుక్కుంటే నీళ్ళెట్టా తిరుగుతాయి?”

బానెట్ కిందే వెనకవైపు ఎత్తులో చిన్న ఇత్తడి ట్యాంకు పెట్టి, మూత దానికి మార్చి, గొట్టాలతో కలపమన్నారు. ఇత్తడి రేకు ఇచ్చారు గానీ చెయ్యి మాత్రం వెయ్యలేదు. నేను చేసిన ట్యాంకును తొట్టిలో ముంచితే బుడగలొచ్చాయి. కారిన చోట చుక్క టంకం వెయ్యబోతుంటే నా మణికట్టు పట్టుకుని ఆపారు.

“అతుకు మీద అతుకు వద్దు. మొత్తం ఇప్పి, గీకి, మళ్ళీ వెయ్యి.”

మూడుసార్లు విప్పించారు. ఏడుపొచ్చింది, కోపమొచ్చింది, బ్యాంకు పరీక్షే నయమనిపించింది. అయినా పట్టు వదల్లేదు. నాలుగోసారి తొట్టిలో నీళ్ళు కదల్లేదు. ఆయన బాగుందని అనలేదు, ఇద్దరికీ టీ చెప్పారు.

నాన్నని బతిమాలి మళ్ళీ ఎక్కించాను. రోడ్డు కన్నా వేడి చూపించే ముల్లునే ఎక్కువ చూశాను. పామర్రు దాటింది, బందరు వచ్చింది. వెనక్కి తిప్పబోతుంటే నాన్న నెమ్మదిగా అన్నారు.

“దివిసీమ చూసి చాలా ఏళ్ళయిందమ్మా. నాగాయలంక దాకా పోనియ్యి.”

ఇల్లు చేరేదాకా ముల్లు సగం దాటలేదు. బ్యాంకు మాట మా ఇంట్లో మళ్ళీ రాలేదు.

ఇవాళ్టి బండి ఆయన బయట కుర్చీలో తొందరపడుతున్నాడు. ఒక్క బుడగే కదండీ, చుక్క వేసి ఇచ్చేయండి అన్నాడు. సాయంత్రం రమ్మని చెప్పి, అతుకు మొత్తం విప్పడం మొదలుపెట్టాను.